పందొమ్మిదో క్లెయిము

హాజరు పట్టీలో తప్ప అతని అసలు పేరు ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. అందరూ 'లేదా గారు' అనేవాళ్ళు. వెనకాల కాదు, ఎదురుగానే అనేవాళ్ళు. ఆయన నొచ్చుకోకపోగా లోలోపల పొంగిపోయేవాడు. ఆ పేరు ఊరికే రాలేదు మరి, పద్దెనిమిదేళ్ళ సర్వీసు మీద వచ్చింది.

ఆయన పని పేటెంటు కాగితాలు రాయడం. ఎవరో శాస్త్రవేత్త పదేళ్ళు మైక్రోస్కోపుకు కళ్ళప్పగించి, తిండీ నిద్రా మాని ఏదో కనిపెడతాడు. ఏం కనిపెట్టావయ్యా అంటే పాపం ఒక్క ముక్కలో చెప్పి తల దించుకుంటాడు. ఆ ఒక్క ముక్క చుట్టూ చీమ దూరే సందు లేకుండా కంచె కట్టడం లేదా గారి వంతు. శాస్త్రవేత్త 'సూదితో తీయాలి' అని రాస్తే, ఈయన 'సూదితో, లేదా గొట్టంతో, లేదా మొన ఉన్న లేదా మొన లేని మరే సాధనంతోనైనా తీయాలి' అని రాస్తాడు. అలా రాయకపోతే రేపు ఇంకెవడో గొట్టంతో తీసి, నీది సూది కదా, ఇది నాది అంటాడు. ఇలా కట్టిన కంచెలో ఒక్కో వరసనీ ఒక్కో క్లెయిము అంటారు. ఎన్ని క్లెయిములుంటే కంపెనీకి అంత హాయిగా నిద్ర పడుతుంది. మూలకణాలను పెంచే ద్రవానికి ఒకసారి ఆయన ముప్ఫై ఒక్క క్లెయిములు రాశాడు. ఆ ద్రవం ఎంత వెచ్చగా ఉండాలో రెండేళ్ళు కూర్చుని తేల్చిన అమ్మాయి పేరు మాత్రం అందులో ఎక్కడా లేదు. చోటు సరిపోలేదట!

ఇంట్లోనూ ఇదే వరస. "కాఫీయా, టీయా?" అని భార్య అడిగితే "కాఫీ, లేదా టీ, లేదా వేడిగా ఉన్న మరేదైనా" అనేవాడు. విని విని విసుగెత్తి ఆవిడ ఒకరోజు గ్లాసుడు వేణ్ణీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. కూతుళ్ళిద్దరూ పడీ పడీ నవ్వారు. ఆయన మారు మాట్లాడకుండా వేణ్ణీళ్ళు తాగేశాడు. రాసుకున్నవాడు ఒప్పుకోవాల్సిందే కదా.

ఇక ఆయన రాసినవాటన్నిటిలోకీ పెద్ద పేరు తెచ్చినది ఒక జన్యువు మీద పేటెంటు. కొన్ని కుటుంబాల్లో ఆ జన్యువులో ఒక చిన్న తేడా ఉంటుంది. ఆ తేడా ఉన్న ఆడవాళ్ళకు రొమ్ములో గడ్డ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. దాన్ని లేదా గారి కంపెనీ కనిపెట్టింది. కనిపెట్టింది అంటే తయారుచేసిందని కాదు సుమండీ. అది మనుషుల ఒంట్లో తాతముత్తాతల కాలం నుంచీ ఉంది. ఒంట్లో ఉన్నంతసేపూ అది ప్రకృతిది. బయటికి తీసి, కడిగి, గాజు గొట్టంలో వేస్తే కంపెనీది. చెట్టున ఉన్నంతసేపూ కాయ చెట్టుది, కోసి పంచెకు తుడుచుకున్నవాడిది తోట మొత్తం. అక్కడి చట్టం అంతే, మనం నోరెళ్ళబెట్టి లాభం లేదు.

ఆ జన్యువు మీద లేదా గారు ఇరవై రెండు క్లెయిములు రాశాడు. మొదటి క్లెయిములో 'స్త్రీ' అని ఉంటే 'లేదా పురుషుడు' అని చేర్చాడు, అలవాటు కొద్దీ. రక్తం అని ఉంటే లాలాజలం, వెంట్రుక, గోరు, చెమట, కన్నీరు అన్నీ చేర్చి, చివర 'లేదా శరీరం నుంచి వెలువడే మరే పదార్థమైనా' అని తాళం వేశాడు. అన్నిటికీ తలమానికం పందొమ్మిదో క్లెయిము. దాన్ని ఆయన ఒకరోజు భోజనం చేస్తూ చేస్తూ, చెయ్యి కడుక్కోకుండానే ఎడమచేత్తో కాగితం మీద పెట్టాడు. పరీక్ష చేయడం మాత్రమే కాదు, పరీక్షలో తేలినది ఇంకొకరికి చెప్పడం కూడా కంపెనీదే అన్నది దాని సారం. అది చదివి ఆయన పై అధికారి లేచి వచ్చి కౌగిలించుకున్నాడు.

లేదా గారికి ఒక అక్క ఉంది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. తల్లి యాభై ఒకటో ఏట రొమ్ములో గడ్డతో పోయేనాటికి అక్కకు ఇరవై, తమ్ముడికి పన్నెండు. అప్పట్నుంచీ తమ్ముణ్ణి అన్నం పెట్టీ, మొట్టికాయలు పెట్టీ తనే పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకు "వీడి చదువు కానివ్వండి" అనేది. వీడి చదువయ్యేసరికి మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. దానికి ఆమె ఎన్నడూ ఏడవలేదు. నోరు మాత్రం అద్దాలు కోసే చక్రంకన్నా ఒక పిసరు పదును ఎక్కువ.

ఆ అక్కకు ఇప్పుడు యాభై. ఏదో నొప్పిగా ఉందని వెళ్తే ఆస్పత్రిలో స్కాను తీశారు. మసక మసకగా ఒక మచ్చ కనిపించింది.

"ఇది ఏమీ కాకపోవచ్చు," అన్నాడు ఆపరేషన్లు చేసే డాక్టరు. "కానీ మీ అమ్మగారు దీనితోనే పోయారంటున్నారు. ఆ జన్యువులో తేడా మీకూ ఉందంటే మాత్రం ఆగకూడదు, రెండు నెలల్లోపల రెండువైపులా తీసేయడమే మంచిది. లేదంటే అనవసరంగా కత్తి పెట్టడం దేనికి? ముందు రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకు రండి."

అక్క రక్తం ఇచ్చింది. మూడు వారాల్లో ఫలితం అన్నారు. నాలుగో వారం వెళ్తే కౌంటరు దగ్గర ఒక ఉత్తరం నకలు చేతిలో పెట్టి, చెప్పడానికి వీల్లేదు పొమ్మన్నారు. ఆమె నేరుగా తమ్ముడి ఇంటికి వచ్చింది. మేనకోడళ్ళు వచ్చి మీద పడి, అత్త కళ్ళజోడు లాక్కుని పెట్టుకుని అద్దం ముందుకు పరిగెత్తారు.

"ఒరేయ్, నువ్వు ఇలాంటి కాగితాల్లోనే కదా మునిగి తేలేది. ఇందులో ఏం ఏడ్చిందో చూడు," అంది అక్క, ఉత్తరం చేతికిస్తూ. తమ్ముడు ఏ కంపెనీకి కాగితాలు రాస్తాడో ఆమె ఎన్నడూ అడగలేదు. "ఎవడో కంపెనీవాడట. నా రక్తంలో ఏముందో నాకు చెప్పకూడదట. వీడి సొమ్మేం పోయిందిరా?"

లేదా గారు ఉత్తరం విప్పాడు. రెండో లైనులోనే గుర్తుపట్టాడు. ఎవరి గొంతు వాళ్ళకు తెలియదంటారు గానీ, ఎవరి వాక్యం వాళ్ళకు తెలుస్తుంది. కామా కామాకీ ఆయన చేతి వాసన వస్తోంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, ఉత్తరం నాలుగు మడతలు పెట్టి, "నేను చూస్తాలే అక్కా," అన్నాడు.

"చూడటం కాదు, తేల్చు. నాకు రెండు నెలలే ఉంది. అందులో ఒక నెల ఇప్పటికే పోయింది."

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక లేదా గారు బీరువాలోంచి ఆ ఫైలు తీశాడు. జీవితంలో మొదటిసారి తన కంచెలో తనే సందు వెతకడం మొదలుపెట్టాడు. వేరే యంత్రంతో పరీక్ష చేస్తేనో? ఏడో క్లెయిము: 'ఇప్పుడున్న లేదా ఇకముందు రాబోయే మరే యంత్రంతోనైనా.' అసలు యంత్రమే లేకుండా? ఎనిమిదో క్లెయిము. వేరే దేశానికి పంపించి చేయిస్తే? పదమూడు. ఉచితంగా చేస్తే? పద్నాలుగు: 'లాభాపేక్షతో, లేదా లాభాపేక్ష లేకుండా, లేదా దయతో.' దయ అనే మాట తను ఎప్పుడు రాశాడో ఆయనకు గుర్తొచ్చింది. ఆ మాట చదివి వినిపిస్తే కింది ఉద్యోగులందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆయన మిఠాయి కూడా పంచాడు.

గంటన్నర వెతికాడు. సందు లేదు. ఎంత అందంగా కట్టానురా అని ఒక పక్క ముచ్చట, ఇంకో పక్క అక్కకు ఏం చెప్పాలోనన్న బాధ. ముచ్చట ఇంకా పోనందుకు ఆయనకు తనమీద తనకే రోత పుట్టింది.

ఇక మిగిలింది ఒకటే దారి. పై అధికారి గదికి వెళ్ళాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. నున్నటి బల్ల, బల్ల మీద ఏమీ ఉండదు, ఉంటే ఎవరైనా చదివేస్తారని.

"ఒక్క మనిషికి మినహాయింపు కావాలి సార్. మా అక్క."

పెద్దాయన అంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు కూడా. లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి, బాధపడటం పూర్తిచేసి వచ్చి కూర్చున్నాడు.

"చూడండి లేదా గారూ, మీ అక్కకి ఇస్తే రేపు ప్రతివాడూ ఒక అక్కని పట్టుకొస్తాడు. ప్రపంచంలో అక్కలకి కొదవా? మన సొంత కేంద్రం ఉందిగా, దానికి దరఖాస్తు పెట్టించండి. ఏడు నెలల్లో పిలుస్తారు."

"డాక్టరు రెండు నెలలే అన్నాడు సార్. పరీక్ష అయిపోయింది కూడా. ఫలితం ఆ ల్యాబులో బల్ల సొరుగులో ఉంది. అక్కడి డాక్టరమ్మ నోరు తెరిస్తే చాలు."

"నోరు తెరవడమే కదా మనది!" అన్నాడు పెద్దాయన. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముందుకు వంగాడు. "మీరు సందు కోసం వెతికే ఉంటారు. నిజం చెప్పండి. దొరికిందా?"

"లేదు సార్."

"చూశారా మరి! మీకే దొరకలేదంటే ఇంకెవడికి దొరుకుతుంది?" పెద్దాయన మొహం చాటంత అయింది. "ఈ మాట బోర్డు మీటింగులో చెప్పాలి. మీ పేరుతోనే చెప్తాలెండి."

లేదా గారు బయటికి వచ్చి వరండాలో కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోపం వచ్చింది. ఎవరిమీద చూపించుకోవాలో తెలియలేదు. చివరికి అక్కకు ఫోన్ చేసి, రేపు ల్యాబుకి వెళ్దాం, నేనే ఆ డాక్టరమ్మతో మాట్లాడతాను అన్నాడు. బతిమాలడం మీద తను ఎప్పుడూ క్లెయిము రాయలేదని ఒక్కటే ధైర్యం.

ల్యాబు ఆస్పత్రి వెనకవైపు, మందుల గోదాముకు ఆనుకుని ఉంది. పొడుగాటి ఇరుకు గది. ఒక పక్క గుర్రుమంటూ రెండు ఫ్రిజ్‌లు, ఇంకో పక్క రక్తం గొట్టాలను గిరగిరా తిప్పే యంత్రం, గోడకు చేతితొడుగుల డబ్బాలు. మూల బల్ల దగ్గర ల్యాబు డాక్టరమ్మ కూర్చుని ఉంది. సన్నటి మనిషి, అరవై దగ్గర పడి ఉంటుంది. తెల్లకోటు జేబులో మూడు పెన్నులు, మూడింటికీ మూతలు లేవు. ఆమె ముందు సొరుగు, సొరుగుకు తాళం.

"ఈయనెవరమ్మా?" అంది డాక్టరమ్మ.

"మా తమ్ముడు. కాగితాల్లో తలపండినవాడు. మీతో మాట్లాడతానన్నాడు."

"మేడమ్," అన్నాడు లేదా గారు, గొంతు సవరించుకుని. "మీకు ఆ ఉత్తరం రాకముందే పరీక్ష చేశారు. అంచేత ఫలితం చెప్పడం వల్ల..."

"ఆగండాగండి. మీలాంటివాళ్ళు వస్తారనే దీన్ని అతికించి పెట్టుకున్నాను." డాక్టరమ్మ గోడమీది కంపెనీ ఉత్తరం చూపించి, కళ్ళజోడు సర్దుకుని, పాఠం అప్పజెప్పినట్టు చదవడం మొదలుపెట్టింది. "పందొమ్మిదో క్లెయిము. 'పై పరీక్షలో తేలిన ఫలితాన్ని మాటతో, లేదా రాతతో, లేదా అంకెతో, లేదా రంగుతో, లేదా సైగతో, లేదా తల ఊపడంతో, లేదా ముఖకవళికతో, లేదా మరే విధంగానైనా ఇంకొకరికి తెలియజేయడం.' విన్నారుగా? నేను నవ్వకూడదు, ఏడవకూడదు. వారం రోజులుగా ఇదిగో, ఇలా మొహం గోడకి సున్నం వేసినట్టు పెట్టుకుని కూర్చుంటున్నాను. నిన్న పంటినొప్పి వచ్చి మొహం చిట్లిస్తే, కూతురి ఫలితం కోసం ఎదురుగా కూర్చున్న ముసలాయన గొల్లుమన్నాడు. ఇది ఫలితం కాదయ్యా, నా పన్ను నొప్పి అని చెప్పడానికి కూడా భయమే!"

"ఒకసారి చెప్పేస్తే ఎవరికి తెలుస్తుంది మేడమ్?"

"మీకు తెలియదేమో, ఆ కంపెనీవాళ్ళు మనుషుల్ని రోగుల్లాగా పంపించి పరీక్షిస్తున్నారు. పక్క ఆస్పత్రిలో ఒకావిడ జాలిపడి చెప్పింది, మర్నాటికి ల్యాబుకి తాళం. నాదీ మూతపడితే ఇక్కడ జ్వరాల పరీక్షలు ఎవరు చేస్తారు? కాన్పు కేసులకి రక్తం ఎవరు సరిచూస్తారు?" డాక్టరమ్మ గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. "ఇది రాసినవాడెవడో గానీ, వాడికి తల్లీ తోబుట్టువూ లేరనుకుంటా. కోడిగుడ్డుకి ఈకలు పీకేవాళ్ళని చూశాను గానీ, ఆ ఈకలతో జనం గొంతు నులిమేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

అక్క అప్పటిదాకా ఆ గోడమీది కాగితాన్నే చూస్తోంది. పెదవులు కదుపుతూ రెండోసారి తనే చదువుకుంది. మూడోసారి చదవలేదు. మెల్లిగా తమ్ముడివైపు తిరిగింది.

"తల ఊపడం, లేదా ముఖకవళిక," అంది. "కాఫీ, లేదా టీ, లేదా వేడిగా ఉన్న మరేదైనా."

లేదా గారు నేల చూపులు చూశాడు.

"ఒరేయ్. ఇటు చూడు. నువ్వే కదూ?"

"అక్కా, అప్పుడు నాకు తెలియదు, అది ఉద్యోగం..."

"అవునులే. బాగా రాశావురా." అక్క గొంతులో కోపం లేదు, అదే ఆయన్ని చంపేసింది. "రాత్రుళ్ళు కూర్చోబెట్టి కాపీ పుస్తకాలు రాయించింది నేనే. పొల్లు వదిలితే వేళ్ళమీద స్కేలుతో కొట్టేదాన్ని. ఏదీ వదలకూడదని నేర్పింది నేనే. ఇంక ఎవరినని ఏం లాభం?"

డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మొహం మాత్రం సున్నం గోడలాగే ఉంది. లేదా గారికి సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అంత సిగ్గులోనూ ఆయన కళ్ళు ఆ మొహాన్ని గాలిస్తూనే ఉన్నాయి, కనుబొమ్మ కదిలిందా, పెదవి బిగిసిందా అని. ఏమీ లేదు. ఆయన రాసినదాన్ని అంత నిష్ఠగా పాటించిన మనిషి ఈ లోకంలో ఇంకొకరు ఉండరు.

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటాను," అన్నాడు. "ఒక్క మాట చెప్పండి."

రక్తం తిప్పే యంత్రం ఆగి, కీచుమని కూసింది. డాక్టరమ్మ లేచి ఆ కూత ఆపి, వచ్చి కూర్చుంది. ఈసారి కుర్చీని అక్కవైపు కాకుండా, తమ్ముడివైపు తిప్పుకుని కూర్చుంది.

"మీ అమ్మగారికి మీరిద్దరేనా పిల్లలు?"

"ఇద్దరమే."

"మీకు పెళ్ళయిందా?"

"అయింది."

"పిల్లలు?"

ప్రశ్న. లేదా గారికి మొట్టమొదట తోచింది అదే. ప్రశ్న అడగడం మీద క్లెయిము లేదు, నేను వదిలేశాను! పట్టరాని సంతోషంతో ఆయన గుండె ఒక్క గంతు వేసింది. ఆ గంతు పూర్తికాకముందే రెండో ఆలోచన వచ్చింది: ఫలితం అక్కది అయితే, ప్రశ్నలు నన్ను అడుగుతుందేమిటి?

"ఇద్దరు," అన్నాడు.

"ఆడపిల్లలా?"

అక్క చెయ్యి వచ్చి ఆయన మోచెయ్యి మీద పడింది. "వీడి పిల్లల సంగతి మీకెందుకమ్మా?" అంది. "ఇది ఆడవాళ్ళకి వచ్చేది కదా? నాకుంటే నాకుంటుంది. వీడు మగాడు, వీడికేం సంబంధం?"

"ఎవరి ఫలితమూ నేను చెప్పడం లేదు," అంది డాక్టరమ్మ. "బళ్ళో పిల్లలు చదివే పుస్తకంలో ఉన్న మాట చెప్తున్నాను. తల్లి దగ్గర ఉన్నది కూతురికి ఎంత వస్తుందో కొడుక్కీ అంతే వస్తుంది. కొడుక్కి ఏ గడ్డా రాకపోవచ్చు. వాడు దర్జాగా తిరుగుతాడు. వాడి దగ్గర్నుంచి వాడి కూతుళ్ళకి పోతుంది."

'స్త్రీ లేదా పురుషుడు.' మొదటి క్లెయిము, మొదటి లైను. ఆ మాట చేర్చిన రోజు కంచె రెండింతలు వెడల్పయిందని సంబరపడ్డాడు గానీ, ఆ పురుషుడు ఎవరో ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. ఆలోచించడానికి ఏముంది, అలవాటు కదా. అక్క పక్కన ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు.

"పెద్దదానికి పదమూడు," అన్నాడు. "చిన్నదానికి తొమ్మిది."

అక్క కళ్ళు తుడుచుకోలేదు, అసలు ఏడవలేదు. తనకు లేకపోతే డాక్టరమ్మ తమ్ముడి పిల్లల ఊసే ఎత్తదని ఆమెకు తెలిసిపోయింది. "మీరు నాకేమీ చెప్పలేదమ్మా," అంది డాక్టరమ్మతో. "నేనూ ఏమీ వినలేదు. ఆపరేషను డాక్టరు దగ్గరికి రేపే వెళ్తాను. నా సంగతి అయిపోయింది."

తర్వాత చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని, సర్దుకుని కూర్చుంది.

"ఈ పిల్లల సంగతి తెలియాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఎవర్ని అడగాలి?"

డాక్టరమ్మ గోడమీది ఉత్తరాన్ని జాగ్రత్తగా ఊడదీసి, కింద కంపెనీ పేరుతో అచ్చువేసిన రెండు లైన్ల మీద వేలు పెట్టి, లేదా గారి ముందుకు జరిపింది.

"అడ్రసు ఇక్కడుంది," అంది. "రోజూ వెళ్ళే దారే కదా, మీవాడికి తెలుసు."